ఈయన నాకు తెలుసు

మా మేనకోడలికి హైదరాబాదులో కొత్తగా ఉద్యోగం వచ్చింది. జీతం పడడానికి ఖాతా కావాలన్నారని, ఒక పెద్ద జాతీయ బ్యాంకును ఎంచుకుని, మా ఇంటి వరండాలో కూర్చుని ఫోనులోనే తెరిచేసింది. ఆధార్ నంబరు కొట్టింది, ఓటీపీ వేసింది. అవతలినుంచి వీడియోలో బ్యాంకు ఉద్యోగి పాన్ కార్డు చూపించమంటే పైకెత్తి చూపించింది. పేరడిగాడు, పుట్టినతేదీ అడిగాడు. వాళ్ళ అత్త వంటింట్లోంచి కాఫీ తెచ్చేలోగా పని అయిపోయింది.

“మరి ఇంట్రడక్షన్ ఎవరు చేశారే?” అని అడిగాను, పాత అలవాటుకొద్దీ.

“అంటే ఏంటి మావయ్యా?” అంది.

ఆ ఇంట్రడక్షన్ గడి ఫారాల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయిందని నాకు అప్పుడు తట్టింది. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఊరంతా మాట్లాడుకుంది. ఏటీఎంలు వచ్చినప్పుడు వింతగా వెళ్ళి చూశాం. కానీ ఒక మనిషి ఇంకో మనిషికి పూచీపడి ‘ఈయన నాకు తెలుసు’ అని సంతకం పెట్టే ఆ రెండు గీతల జాగా పోయిందని ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. మా కాలంలో ఖాతా మొత్తం ఆ రెండు గీతల మీదే నిలబడేది.

*

మాది బందరు. నాన్న హైస్కూలు మాస్టారు. నా చిన్నతనంలో ఆయన జీతం రోజున రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, కవరులో డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవారు. అమ్మ దాన్ని పాలకింత, కిరాణాకొట్టుకింత, అద్దెకింత, ఫీజులకింత అని విడివిడిగా పొట్లాలు కట్టి బీరువాలో చీరల మడతల మధ్య దాచేది. ఇకమీదట జీతాలు చేతికివ్వం, బ్యాంకులో వేస్తాం అని స్కూల్లో చెప్పినరోజు ఇంట్లో కాస్త కలవరమే పుట్టింది. ఇంటి డబ్బు ముందు ఇంకెక్కడికో వెళ్ళి ఆ తర్వాత ఇంటికి రావడమేమిటని అమ్మ బాధ.

ఏ బ్యాంకు అన్న దానిమీద మా అరుగుమీద కొన్ని సాయంత్రాలు చర్చ నడిచింది. తాతగారు పోస్టాఫీసు చాలదా అన్నారు. ఆయన భయానికి కారణం ఉంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన కబురును పేపర్లో చదివిన తరం ఆయనది. ఎంతో మంది కూడబెట్టుకున్నది ఒక్కరోజులో అందకుండా పోయింది. ఆ దెబ్బతోనే డిపాజిట్లకు బీమా వచ్చింది. 1962లో మొదలైనప్పుడు ఒక్కొక్కరికి 1,500 రూపాయలవరకే. ఇప్పుడది 5 లక్షలు. ఆ బీమా ఇచ్చే ధీమా తాతగారికి చాలలేదు.

పక్కింటి పెన్షనరుగారు స్టేట్ బ్యాంకే గట్టిదని వాదించేవారు. అది స్టేట్ బ్యాంకు అయింది 1955 జులై 1న. కానీ ఆయన మాత్రం దాన్ని చివరిదాకా ఇంపీరియల్ బ్యాంకు అనే పిలిచారు. ట్రెజరీ చలాన్లు అక్కడే, పెన్షన్లు అక్కడే, గుమ్మంలో తుపాకీ పట్టుకున్న కాపలా మనిషి అక్కడే. ఆ గాంభీర్యం చూసి మామూలు మనిషి మెట్లెక్కడానికి జంకేవాడు.

నాన్న మనసు మొదటినుంచీ ఆంధ్రా బ్యాంకు మీదే. అది మా ఊరి బిడ్డ. 1923 నవంబరులో బందరులోనే పుట్టింది. స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మా ఊళ్ళో వైద్యం చేసి, ప్రాక్టీసు వదిలిపెట్టి జాతీయోద్యమంలోకి దిగినవారు. లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో మొదలైన బ్యాంకు అది. డెల్టా రైతుకు అప్పు పుట్టాలంటే షావుకారు గుమ్మం తప్ప ఇంకో దారిలేని రోజుల్లో, మన సొమ్ము మన చేతుల్లో తిరగాలన్న పట్టుదలతో పెట్టారు. ప్రధాన కార్యాలయం తర్వాత హైదరాబాదుకు వెళ్ళిపోయినా బందరువాళ్ళకు అది ‘మన బ్యాంకే’. 1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు దీని పేరు ఆ జాబితాలో లేదు. యాభై కోట్లకు పైబడిన డిపాజిట్లున్న బ్యాంకులనే అప్పుడు తీసుకున్నారు. 1980 ఏప్రిల్ 15న రెండో విడతలో తీసుకున్న ఆరింటిలో మాదీ ఒకటైంది. ఆ తర్వాత తాతగారు కూడా మెత్తబడ్డారు.

ఇప్పటివాళ్ళు బ్యాంకును ఎంచుకునేటప్పుడు వడ్డీ చూస్తారు, కనీస నిల్వ ఎంతో చూస్తారు, యాప్ బాగుందా అని చూస్తారు. అప్పుడు వడ్డీ చూడడానికేమీ లేదు. సేవింగ్స్ ఖాతా వడ్డీ రిజర్వు బ్యాంకు ఎంత చెబితే అంతే, ఏ బ్యాంకులోనైనా ఒకటే. 2011 అక్టోబరు దాకా అదే పద్ధతి. కాబట్టి మా చర్చలు చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగేవి. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరున్నారు?

*

ఖాతా తెరిచే ఫారం మందపాటి కాగితం మీద పెద్దదిగా ఉండేది. పేరు, తండ్రి పేరు, వృత్తి, చిరునామా అన్నీ పైన. కింద, సంతకాలకు కాస్త పైగా, ఆ గడి. పై దరఖాస్తుదారు నాకు ఇన్నేళ్ళుగా తెలుసు, పేరూ వృత్తీ చిరునామా నిజమేనని చెబుతున్నాను అని అర్థం వచ్చే వాక్యం. దానికింద పరిచయం చేసే మనిషి సంతకం, ఖాతా నంబరు. ఆ మనిషికి అదే బ్రాంచిలో ఖాతా ఉండాలి. అది నిన్నా మొన్నా తెరిచింది కాకూడదు, కనీసం ఆరునెలలన్నా సవ్యంగా నడిచి ఉండాలనేవారు. ఆయన సంతకాన్ని బ్యాంకువాళ్ళు తమ దగ్గరున్న కార్డుతో పోల్చి చూసుకునేవారు. కొందరు మేనేజర్లయితే మనిషిని స్వయంగా రమ్మనేవారు.

ఇదంతా మర్యాదకోసం పెట్టిన తతంగం కాదు. దీని వెనక చట్టముంది. ఎవరిదో చెక్కును దొంగిలించి, అదే పేరుతో ఖాతా తెరిచి, అందులో వేసి డబ్బు లాగేసుకోవడం పాత మోసం. చెక్కు అసలు యజమాని ఆ బ్యాంకుమీద దావా వేస్తే, మేం సద్బుద్ధితో, నిర్లక్ష్యం లేకుండా నడుచుకున్నామని బ్యాంకు చూపించుకోవాలి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షను రక్షణ అప్పుడే వర్తిస్తుంది. పరిచయం లేని మనిషికి ఖాతా తెరవడాన్ని కోర్టులు నిర్లక్ష్యంగానే చూసేవి. అందుకే ఆ రెండు గీతలమీద బ్యాంకులకు అంత పట్టింపు.

నాన్నకు ఆయన హెడ్మాస్టరుగారు సంతకం పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాన్న దగ్గరికి జనం రావడం మొదలైంది. మాస్టారి సంతకమంటే బ్యాంకులో ఎదురు ప్రశ్న ఉండేది కాదు. పాత విద్యార్థులు, చిలకలపూడిలో రోల్డుగోల్డు పనిచేసే కుర్రాళ్ళు, పెడన నుంచి వచ్చి అద్దకం గుడ్డలు అమ్ముకునేవాళ్ళు, వీధి చివర కొత్తగా అద్దెకు దిగిన గుమాస్తాలు మా అరుగుమీద ఫారం పట్టుకుని కూర్చునేవారు.

నాన్న వెంటనే పెట్టేవారు కాదు. “రేపు సాయంత్రం మీ ఇంటికి వస్తాను” అనేవారు. వెళ్ళేవారు కూడా. వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగి, పిల్లలేం చదువుతున్నారో కనుక్కుని, వచ్చి అప్పుడు సంతకం పెట్టేవారు. ఒక కొత్త మనిషి దగ్గరి బంధువునంటూ సిఫారసు ఉత్తరం తెచ్చుకున్నా ఆయన పద్ధతి మారలేదు. “నా సంతకంలో నా నడవడి ఒక్కటే ఉండదురా, అవతలివాడి నడవడి కూడా ఉంటుంది” అని మాతో అన్నారు. ఖాతా తెరిచాక బ్యాంకునుంచి పరిచయం చేసినందుకు కృతజ్ఞతలంటూ ఒక ఉత్తరం వచ్చేది. నిజంగా ఆయనే సంతకం పెట్టారా అని ఆరాతీయడం కూడా దాని ఉద్దేశం. ఆ ఉత్తరాలన్నిటినీ నాన్న ఇంట్లో ఉత్తరాల తీగకు గుచ్చి ఉంచేవారు. ఎవరి భారం తనమీదుందో మరిచిపోకుండా.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్న సంతకం మా అమ్మది. ఖాతా ఇద్దరి పేరునా ఉండేది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఒకరు పోతే మిగిలినవారిది. ఆ ఏర్పాటు వల్లనే అమ్మ జీవితంలో మొదటిసారి తన పేరును తాను సంతకంగా రాసింది. మాకు పాలుపోసే ఆవిడకు ప్రభుత్వ పథకం కింద గేదె లోను వచ్చింది. అందుకు బ్యాంకులో ఖాతా ఉండాలన్నారు. ఆమె నాన్నను అడగలేదు. పెరటి గుమ్మంలోంచి వచ్చి అమ్మను అడిగింది. “అమ్మగారూ, నన్నెరిగినవాళ్ళు సంతకం చెయ్యాలంట. మీరే ఎరుగుదురు నన్ను.”

అమ్మ ఆ సాయంత్రం పాల లెక్కల పుస్తకం వెనకపేజీలో తన సంతకాన్ని మళ్ళీ మళ్ళీ రాసుకుంది, బ్యాంకు కార్డుమీదున్న దానితో తేడా రాకూడదని. మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆఫీసరు తలెత్తి “ఎంత కాలంగా తెలుసమ్మా ఈమె?” అన్నాడు. “మా పెద్దవాడు పుట్టినప్పటినుంచీ పాలుపోస్తోందండీ. ఏనాడూ లెక్కలో తేడా రాలేదు” అంది అమ్మ. ఆ మాటే ఆయన రాసుకున్నాడు. తన మాటకు ఒక కచేరీలో విలువుంటుందని అమ్మకు ఆరోజు తెలిసింది. ఆ తర్వాత మా వీధిలో ఆడవాళ్ళెందరికో ఆవిడ సంతకమే ఆధారమైంది.

*

బ్యాంకు లోపలి చప్పుళ్ళు వింటే పొద్దు ఎంతయిందో చెప్పేయవచ్చు. పదింటికి ఇనుప షట్టరు గరగరమని పైకి లేచేది. లెడ్జర్లు బీరువాలోంచి బయటికి వచ్చేవి. చేతిలో ఇమడనంత పెద్దవి. అటెండరు ఒక్కొక్కదాన్నీ మోసుకొచ్చి బల్లమీద వేస్తే ధబ్బుమని మోగేది, దుమ్ము లేచేది. పైన పొడుగు కాడలకు వేలాడే ఫ్యాన్లు కిర్రుమంటూ తిరుగుతుంటే వోచర్లు ఎగరకుండా గాజు పేపరువెయిట్లు.

డబ్బు తీసుకోవాలంటే విత్‌డ్రాయల్ ఫారం రాసి, పాసుబుక్కుతో కలిపి లెడ్జరు గుమాస్తాకు ఇవ్వాలి. ఆయన ఇత్తడి టోకెను ఇస్తాడు. గుండ్రంగా, అంచులు అరిగి, మధ్యలో నంబరు చెక్కి ఉండేది. పిల్లలం దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవాళ్ళం. చేతికి ఇత్తడి వాసన పట్టేది. అక్కడ గుమాస్తా మన పేజీ తీసి, నిల్వ చూసి, ఖర్చు రాసి, కొత్త నిల్వ వేసేవాడు. ఆఫీసరు చెక్కపెట్టెలోంచి మన సంతకం కార్డు తీసి పక్కన పెట్టుకుని పోల్చేవాడు. కుదరకపోతే పిలిచి ఇంకోసారి పెట్టించేవాడు. ఆ తర్వాత కాగితం అటెండరు చేతిలో క్యాషియరు దగ్గరికి ప్రయాణం కట్టేది. క్యాషియరు ఇనుప జాలీ గదిలో కూర్చునేవాడు. పక్కన తడి స్పాంజి గిన్నె. టోకెను నంబరు గట్టిగా పిలిచేవాడు. మనం వెళ్ళి టోకెను పలకమీద పెడితే టంగుమనేది. “ఎంత?” అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే డబ్బు రాదు. నోట్లు ఒకసారి ఆయన లెక్కపెట్టి ఇస్తే, అక్కడే నిలబడి మనం లెక్కపెట్టుకోవాలి.

కొత్త కట్టలయితే లావుపాటి పిన్నులు కొట్టి ఉండేవి. ఆ పిన్ను పీకడం ఒక విద్య. తెలియనివాళ్ళు లాగితే నోటు చిరిగేది. పాత వందనోట్లకు ఎడమ పక్కన ఆ పిన్నుల బెజ్జాలు గుత్తులుగా ఉండేవి. 2001లో రిజర్వు బ్యాంకు కట్టలకు పిన్నులు కొట్టడం మానమన్నాక అది పోయింది. మంచిదే అయింది.

కౌంటర్లు రెండింటికి మూసేవారు, శనివారమైతే పన్నెండింటికే. బయటివాళ్ళకు బ్యాంకు పని అయిపోయినట్టు కనబడేది. లోపల అప్పుడే అసలు పని మొదలు. ఆరోజు వోచర్లన్నీ పేర్చి, సూదీ దారంతో కుట్టి, జమలూ ఖర్చులూ కూడి, లెక్క సరిపోవాలి. రూపాయి తేడా వచ్చినా ఎవరూ ఇంటికి కదలరు. మా ఎదురింట్లో ఉండే బ్యాంకు గుమాస్తాగారు కొన్ని రాత్రులు భోజనాల వేళ దాటాక వచ్చేవారు. “ఇవాళ టాలీ కాలేదు మాస్టారూ” అనేవారు. తేడాను తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలకపోతే ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయని, 45 రాయబోయి 54 రాసి ఉంటారని ఆయనే నాకు నేర్పారు. లెక్కల మాస్టారు నేర్పని కిటుకు అది. జూన్ నెలాఖరులోనూ డిసెంబరు నెలాఖరులోనూ వడ్డీలు కట్టేటప్పుడు ఆయన వాళ్ళ ఇంట్లో చుట్టమై పోయేవారు. ఒక్కొక్క ఖాతాకు, ఒక్కొక్క నెలకు, చేత్తో.

ఆ వడ్డీ లెక్కకు ఒక చిత్రమైన నియమం ఉండేది. నెలలో పదో తారీఖుకూ ఆఖరి రోజుకూ మధ్య ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ ఎంతో, దానిమీదే ఆ నెల వడ్డీ. పదకొండున వేసిన డబ్బు నెలాఖరుదాకా వట్టినే పడుండేది. ఇరవైన ఒక్కసారి తీస్తే, తీసిన సొమ్ము అంతవరకూ ఖాతాలో ఉన్న రోజుల లెక్కంతా పోయేది. దానితో మా ఇంటి ఖర్చులన్నీ ఆ పదో తారీఖు చుట్టూ తిరిగేవి. కావలసినదంతా ముందే తీసేయాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. వేసేదుంటే పదిలోపు వేసేయాలి. తొమ్మిదీ పదీ తారీఖుల్లో బ్యాంకు గుమ్మం ఊపిరాడనివ్వదు. చీరల మడతల్లో పొట్లాలు కట్టిన అమ్మ, ఈ లెక్కను మా అందరికన్నా ముందు పట్టేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వమీద వడ్డీ లెక్కకట్టడం మొదలైంది. అది ఖాతాదారుకు జరిగిన న్యాయం. కంప్యూటర్లు లేనిదే అది జరిగేది కాదు.

*

ఇంతసేపూ పరిచయం ఉన్నవాళ్ళ మాటే చెప్పాను. లేనివాళ్ళ మాట కూడా చెప్పాలి.

గిలకలదిండి నుంచి తలమీద చేపల గంప పెట్టుకుని మా వీధికి వచ్చే ఒకావిడ ఉండేది. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఖాతాలో వేసుకుందామని ఊళ్ళో ఒక బ్యాంకుకు వెళ్ళింది. మీ వాళ్ళెవరికైనా ఇక్కడ ఖాతా ఉందా అని అడిగారు. వాళ్ళ పేటలో ఒక్కరికీ లేదు. అయితే కుదరదన్నారు. నియమం ప్రకారం వాళ్ళన్నది తప్పు కాదు. కానీ ఖాతాలు ఉన్నవాళ్ళకే ఖాతాలున్నవాళ్ళు తెలుస్తారు. ఒక పేటలో మొదటి మనిషికి తలుపు తెరుచుకోకపోతే రెండో మనిషికి పరిచయం చేసేదెవరు? ఆ గొలుసు అసలు మొదలే కాదు. ఆమెకు నాన్న సంతకం పెట్టారు. కానీ ఊళ్ళో ప్రతి పేటకూ ఒక మాస్టారు దొరకరు. దొరకని కూలీలు, రిక్షావాళ్ళు, ఊరివెలుపలి వాడల్లో ఉన్నవాళ్ళు తమ డబ్బును ఊరూ పేరూ లేని చీటీలవాళ్ళ చేతుల్లో పెట్టారు. ఆ చీటీలవాళ్ళు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయిన కథలు నేను విన్నవే చాలా ఉన్నాయి. బ్యాంకులు జాతీయమై పల్లెలకు వచ్చాయి, నిజమే. కానీ బ్రాంచి ఊళ్ళోకి వచ్చినంత తేలిగ్గా ఈ మనుషులు బ్రాంచిలోకి వెళ్ళలేకపోయారు.

అందుకే ఆ గడి పోయినందుకు నేను పూర్తిగా దుఃఖించలేను. 2002లో రిజర్వు బ్యాంకు కేవైసీ నియమాలు తెచ్చింది, 2004లో వాటిని బిగించింది. మనిషి మాటకు బదులు కాగితం అడగడం మొదలైంది. కాగితాలు లేని పేదలకు, చిన్న నిల్వలవరకు, పాత ఖాతాదారు పరిచయం చేస్తే చాలని కొన్నేళ్ళు వెసులుబాటు ఉండేది. ఆధార్ వచ్చాక పరిచయం అవసరమే లేదన్నారు. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలైంది. నిల్వ లేకపోయినా ఖాతా. ఇప్పుడవి యాభై కోట్లు దాటాయి. అందులో సగానికిపైగా ఆడవాళ్ళవి. చేపలగంప మోసిన ఆవిడ మనవరాలు ఈనాడు ఎవరి అరుగుమీదా ఫారం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అందుకు నేను సంతోషిస్తాను. ఆ సంతోషం ముందు నా జ్ఞాపకాల బరువు తక్కువే.

అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ సంతకం అవసరాన్ని కాగితం తీర్చింది. ఆ సంతకం కట్టిన బాధ్యతను మాత్రం ఎవరూ మోయడంలేదు. ఇవాళ సైబర్ మోసగాళ్ళు దోచిన డబ్బు దాటించడానికి మ్యూల్ ఖాతాలంటూ కూలిమనుషుల చేత, కాలేజీ పిల్లల చేత ఖాతాలు తెరిపించి, కాస్త డబ్బు చేతిలో పెట్టి వాడుకుంటున్నారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆధార్ నిజం, పాన్ నిజం, ఫోటో నిజం. ఆ మనిషికి ఆ ఖాతా ఎందుకు, అంత డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అని అడిగే ఎరుక మాత్రం ఎక్కడా లేదు. నాన్న వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేది సరిగ్గా ఆ ఎరుక కోసమే.

ఇంకోవైపు ముసలివాళ్ళు. కేవైసీ మళ్ళీ చేయించుకోలేదని ఖాతా ఆగిపోతే, బ్యాంకు మిత్ర దగ్గర యంత్రంమీద వేలు పెడితే, జీవితమంతా పొలంలో పనిచేసి గీతలరిగిన వేలు పడకపోతే, తాను తానేనని చెప్పేవారు లేక వెనక్కి తిరిగివస్తున్నారు. ఎదురుగా ఉన్న ఉద్యోగి ఈ ఊరికి కొత్త. ఆయన రెండేళ్ళకు బదిలీపై వెళ్ళిపోతాడు. బ్రాంచిలో సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఒక పెద్ద బ్యాంకు తన ప్రతి బ్రాంచిలో ఆ ఊరి జనాన్ని ముఖాలతో ఎరిగిన మనిషిని ఒక్కరినైనా ఎక్కువకాలం ఉంచాలని నేను గట్టిగా కోరతాను. పరిచయం గడి మళ్ళీ రానక్కర్లేదు. పరిచయం రావాలి.

*

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు, యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. లాక్‌డౌన్ రోజులవి. బందరు వీధుల్లో మనుషులే లేరు. తొంభై ఆరేళ్ళు నడిచిన పేరు అలా చప్పుడు లేకుండా ఆగింది. అంతకుముందే, 2017లో అదే తారీఖున, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసింది. 1941లో నిజాం కాలంలో పుట్టిన ఆ బ్యాంకుతో తెలంగాణవాళ్ళకు ఉన్న అనుబంధం మాకు ఆంధ్రా బ్యాంకుతో ఉన్నలాంటిదే. సిండికేట్ బ్యాంకు కెనరాలో, విజయా బ్యాంకు బ్యాంక్ ఆఫ్ బరోడాలో చేరాయి. అరుగులమీద సాయంత్రాలు చర్చించి మన పెద్దలు ఎంచుకున్న పేర్లలో చాలావరకు ఇప్పుడు బోర్డులమీద లేవు.

బోర్డులు పోయినా ఖాతాలు పోలేదు. మీ ఇంట్లో అమ్మదో, తాతగారిదో పాత పాసుబుక్కు ట్రంకుపెట్టె అడుగున ఉంటే పారేయకండి. పదేళ్ళు ఎవరూ ముట్టుకోని ఖాతాల్లోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పంపుతాయి. 2014 నుంచి అలా జరుగుతోంది. అంతమాత్రాన వారసుల హక్కు పోదు. ఏ బ్యాంకులో ఏ పేరుమీద అలాంటి డబ్బుందో వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టింది. అక్కడ చూసుకుని, పాత బ్యాంకు ఏ బ్యాంకులో కలిసిందో ఆ బ్రాంచికి పాసుబుక్కుతో వెళ్ళి అడగండి. బతికున్నవాళ్ళ ఖాతాలకు నామినీ పేరు రాయించి ఉందో లేదో అదే రోజు కనుక్కోండి.

నామినీ లేని ఖాతాల డబ్బు వారసులకు ఇచ్చేటప్పుడు, ఈ కుటుంబాన్ని ఎరిగిన బయటి మనిషి ఎవరైనా ధ్రువీకరించాలని బ్యాంకులు అడగడం ఇప్పటికీ ఉంది. అలాంటి కాగితం పట్టుకుని పక్కింటివాళ్ళు మీ గుమ్మంలోకి వస్తే, ఆ కుటుంబం మీకు నిజంగా తెలిసి ఉంటే, ఎందుకొచ్చిన గొడవని పంపేయకండి. చదివి, సంతకం పెట్టండి.